బోన్సాయ్ పిల్ల మొక్కలకి చవకలో ఏ కుండీలు వాడుతున్నారు? (ట్రేలు కాదు, పెంచే దశకి)

మిద్దెమీదమర్రి (విజయవాడ)
అందరికీ నమస్కారం. గింజ వేసి మొలిపించిన చింత మొక్కలు కొన్ని, గోడ పగుల్లోంచి పీక్కొచ్చిన రావి ఒకటి, నర్సరీలో కొన్న ఫైకస్ మైక్రోకార్పా (మర్రి జాతి మొక్క) ఒకటి, జేడ్ (దళసరి ఆకుల మొక్క) కొమ్మలు రెండు ఉన్నాయి నా దగ్గర. అన్నీ పెన్సిల్ లావు, ఫైకస్ ఒక్కటే బొటనవేలు లావు ఉంటుంది. వీటిని ఇప్పుడు నల్ల పాలిథిన్ కవర్లలోంచి తీసి వేరేవాటిలోకి మార్చాలి. బోన్సాయ్ పెట్టే లోతు తక్కువ సిరామిక్ ట్రే అడిగితే అరచేయంతదానికే ఐదారొందలు చెప్తున్నారు, కాస్త కంటికి ఆనేది వెయ్యి దాటేస్తోంది. మా ఆవిడైతే "చెట్టు కంటే పళ్ళెం ఖరీదా" అని ఒకటే నవ్వు. వంద, నూటయాభై లోపల అయిపోయేలా ఏమైనా చెప్పండి. మేడ మీద పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండే, నీడ లేదు.

ఇటుకపొడి (హైదరాబాద్)
మీ ఇంట్లోవాళ్ళు కరెక్టుగానే అన్నారండీ. పెన్సిల్ లావు మొక్కని ట్రేలో పెట్టారంటే ఐదేళ్ళ తర్వాత కూడా అది పెన్సిల్ లావే ఉంటుంది. లోతు తక్కువ పళ్ళెం పని చెట్టుని పెంచడం కాదు, పెరిగిన చెట్టుని అలా నిలబెట్టి ఉంచడం. కాండం లావవ్వాలి, మొదట్లో వేళ్ళు చుట్టూరా పరుచుకోవాలి, కింది కొమ్మలు ఒక దారికి రావాలి, ఇవన్నీ అయ్యాక కొనుక్కోండి ట్రే. అప్పుడు కూడా లెక్క ఒకటుంది, పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండొంతులు, లోతు కాండం మొదలు ఎంత లావుంటే అంత. ఇప్పుడు మీ పెన్సిల్‌కి ఆ లెక్కన కొనాలంటే అగ్గిపెట్టె మూత కొనాలి.

ఇక అసలు సంగతి. వంటింట్లో కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట ఉంటుంది చూడండి, గుండ్రటిది, కింద చిన్న అంచు ఉండేది, అదే తెచ్చుకోండి. నేను బేగంబజార్‌లో కొంటాను, మీకైతే వన్‌టౌన్‌లో దొరుకుతాయి. పది పన్నెండు అంగుళాల వెడల్పు, నాలుగైదు అంగుళాల లోతు చాలు, మీరనుకున్న ధర లోపలే వచ్చేస్తుంది.

ఎందుకంటే మామూలు నున్నటి కుండీలో వేరు గోడ తగలగానే గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది. ఏడాదికి కుండీ చుట్టూ తాడు చుట్టినట్టు తయారవుతుంది, మధ్యలో మాత్రం ఖాళీ. చిల్లుల బుట్టలో వేరు చివర చిల్లులోంచి బయటికి రాగానే గాలికి ఎండిపోతుంది. చివర ఎండితే వెనక నించి నాలుగు పిల్ల వేళ్ళు పుడతాయి, అవీ వెళ్ళి ఎండుతాయి, మళ్ళీ పుడతాయి. అలా కాండం దగ్గర నించే సన్నటి వేళ్ళు దట్టంగా అల్లుకుంటాయి, బోన్సాయ్‌కి కావాల్సింది అదే. జపాన్‌లో నల్ల పైన్ పిల్లల్ని పెంచేవాళ్ళు కూడా ఇలాంటి బుట్టలే వాడతారు, "జారు" అంటారు వాళ్ళు వాటిని, వంటింటి బుట్టే అది కూడా.

కొత్తచిగురు (గుంటూరు)
మాస్టారూ ఒక డౌట్, చిల్లుల్లోంచి మట్టి మొత్తం కారిపోదా? నీళ్ళు పోస్తే కింద మేడంతా బురద అయితే మా ఓనరు ఊరుకోడు.

ఇటుకపొడి (హైదరాబాద్)
మట్టి పోస్తే కారిపోతుంది, అందుకే మట్టి పోయకూడదు. ఎర్రమట్టి, నల్లమట్టి ఏదీ వద్దు. నేను వాడేది బాగా కాలిన ఇటుక కొట్టిన ముక్కలు మూడు పాళ్ళు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు. ఇటుకని సుత్తితో కొట్టి రెండు జల్లెళ్ళు పట్టాలి. ముందు పెద్ద కళ్ళ జల్లెడ, శనగగింజ కంటే పెద్దవి పైన ఉండిపోతాయి, వాటిని మళ్ళీ కొట్టండి. తర్వాత దోమతెర జాలీలాంటి సన్నది, దాంట్లోంచి రాలిన దుమ్మంతా పారబోసేయండి. దుమ్ము మీద జాలి పడ్డారంటే అది కిందకి దిగి సిమెంటులా గట్టిపడుతుంది. ఇటుక మంచిదో కాదో చూడ్డానికి ఒక ముక్కని రాత్రి నీళ్ళలో పడేయండి, పొద్దున్న వేళ్ళతో నలిపితే ముద్దయ్యేది కాలని ఇటుక, వద్దు.

బుట్ట సిద్ధం చేసేటప్పుడు అడుగున చిల్లులు మరీ పెద్దవైతే దోమతెర ముక్క వేయండి, పక్కలకి మాత్రం వేయకండి, వేస్తే గాలి తగిలే లాభం పోతుంది. కాస్త పెద్ద ముక్కలు పక్కల వెంబడి, చిన్నవి మధ్యలో పడేలా పోసుకుంటే ఏమీ కారదు, మొదటి రెండు మూడు రోజులు ఎర్రనీళ్ళు వస్తాయంతే. తర్వాత అల్యూమినియం తీగ గానీ కరెంటు వైరు గానీ రెండు ముక్కలు అడుగు చిల్లుల్లోంచి పైకి లాగి మొక్కని వేరు ముద్ద మీదుగా కట్టేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. గాలికి మొక్క ఊగితే అప్పుడే పుట్టిన వెంట్రుక వేళ్ళు తెగిపోతాయి, పైన చూస్తే ఆకు వాడుతుంది, మనం నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తాం.

బుట్టని నేల మీద నేరుగా పెట్టకండి. రెండు ఇటుకల మీదో చెక్క మీదో ఎత్తి పెడితే కిందనించీ గాలి ఆడుతుంది, శ్లాబు తడిసి చెమ్మ పట్టదు, ఓనరు కూడా ఊరుకుంటాడు.

కాగితంపూలు (కర్నూలు)
మాస్టారు గారు చెప్పింది హైదరాబాద్‌లో నడుస్తుందేమో గానీ మా కర్నూలు ఎండకి చిల్లుల బుట్ట అంటే మొక్కని ఎండలో ఆరేసినట్టే అండీ. మే నెలలో రెండు పూటలా పోసినా మధ్యాహ్నం మూడింటికి చూస్తే పొడిపొడిగా ఉంటుంది, అన్ని వైపుల నించీ వడగాలి కొట్టి. ఇక నల్ల బుట్ట అయితే ఎండ తగిలే వైపు వేళ్ళు ఉడికిపోతాయి, ముట్టుకుంటే మనకే చురుక్కుమంటుంది.

నేను వాడేది మట్టి మూకుళ్ళు. మా ఊళ్ళో కుమ్మరాయన దగ్గర వెడల్పాటి మూకుళ్ళు, కడవ అడుగులు దొరుకుతాయి, అరవై డెబ్భై రూపాయలు. ఆయన పచ్చిగా ఉండగానే బొటనవేలు పట్టేంత చిల్లులు నాలుగు పెట్టిస్తారు, కింద మూడు బుడిపెలు కూడా అంటిస్తారు నీళ్ళు నిలవకుండా. కాల్చిన తర్వాత చిల్లు పెట్టాలంటే కష్టం, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి గోడలకి వాడే డ్రిల్ బిట్‌తో మెల్లగా తిప్పాలి, హామర్ మోడ్‌లో పెట్టారంటే రెండు ముక్కలే. మట్టికుండ గోడలోంచి నీళ్ళు ఆవిరవుతూ ఉంటాయి కాబట్టి లోపల చల్లగా ఉంటుంది, కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో అందుకే. నా బోగన్‌విల్లాలన్నీ వాటిలోనే ఉన్నాయి, కాండాలు మణికట్టు లావొచ్చాయి.

ఇటుకపొడి (హైదరాబాద్)
మేడమ్ గారూ, మీ మాట కాదనను, రాయలసీమ ఎండకి మూకుడు మంచిదే. కానీ బోగన్‌విల్లాని ఉదాహరణగా తీసుకుంటే ఎలా అండీ, దానికి నీళ్ళు తక్కువైతేనే కదా పూలు. మూకుడులో వేరు అల్లిక మాత్రం మళ్ళీ చుట్టు తిరుగుడే, రెండేళ్ళకోసారి తీసి కత్తిరించాలి. ఇక నల్ల బుట్ట గురించి మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం, అందుకే నేను తెల్లదో లేత రంగుదో కొనమంటాను. నల్లది ఇప్పటికే ఉంటే బయట సున్నం కొట్టండి, సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపితే వానకి వెంటనే పోదు. మేడ మీద గచ్చు కూడా వేడిని వెనక్కి కొడుతుంది, కాబట్టి ఇటుకల మీద ఎత్తడం అందుకు కూడా పనికొస్తుంది. మార్చి నించి జూన్ వానలు పడేదాకా 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండని ఆపే వల) లేకుండా ఏ కుండీ అయినా కష్టమే.

పాతసామాను (వరంగల్)
ఏందన్నా మీరంత కొనుడు ముచ్చట్లే చెప్తున్నరు. పైసలు పెట్టుడెందుకు. నేనైతే ఇంటి సుట్టు దొరికేటివే వాడ్త. పెయింట్ బకెట్లు ఇరవై లీటర్లవి, ఇల్లు కట్టేకాడ మేస్త్రీని అడిగితే ఉత్తగనే ఇస్తడు. దాన్ని నడుమల కోసి కింది సగం తీస్కో, ఎన్మిది అంగుళాల లోతు తొట్టి వచ్చింది. సోల్డరింగ్ ఐరన్‌తోని పక్కలకు, అడుగుకు మస్తు చిల్లులు పెట్టు. బయట పెట్టాలె సుమా ఆ పని, ఆ పొగ పీల్చొద్దు. డ్రిల్ ఉంటే ఇంక మంచిది, 8 ఎంఎం బిట్ సరిపోతది.

ఇగ పండ్ల దుకాణం కాడ థర్మాకోల్ డబ్బాలు, ద్రాక్షపండ్లకు వస్తయి కదా, చేపల మార్కెట్ కాడ గూడ పారేస్తరు. ఎండకాలంల వీటంత సల్లగ ఏదీ ఉండదు, గోడ మందం గుంటది కాబట్టి వేడి లోపలికి రాదు. బరువు లేదు, పైసల్లేవు. తక్లీఫ్ ఏందంటే చీమలు గూడు కడ్తయి అండ్ల, కాకులు ముక్కుతోని పొడుస్తయి, ఏడాదిన్నరకు చూస్తే మిద్దె నిండ తెల్ల గింజలే. బయట ఒక గోనెపట్ట సుట్టి కడితే ఇంకొన్ని దినాలు ఆగుతది. మందు డబ్బాలు, కెమికల్ క్యాన్లు మాత్రం ముట్టకుండ్రి, ఎంత కడిగినా పోదు.

కొత్తచిగురు (గుంటూరు)
అన్నా థర్మాకోల్ ఐడియా సూపరు. అడుగున గులకరాళ్ళు రెండంగుళాలు వేసి పైన మట్టి వేస్తే నీళ్ళు బాగా దిగుతాయి కదా? మా తాతగారి కాలం నించీ ఇంట్లో అన్ని కుండీలకీ అలాగే చేస్తున్నాం.

ఇటుకపొడి (హైదరాబాద్)
తమ్ముడూ, తాతగారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, గులకరాళ్ళ పొర వేస్తే లాభం లేదు, పైగా నష్టం. ఇంట్లో గిన్నెలు తోమే స్పాంజ్ ఉంటుంది కదా, దాన్ని బాగా తడిపి అరచేతిలో పడుకోబెట్టు, నీళ్ళు కారడం ఆగేదాకా చూడు. ఇప్పుడు అదే స్పాంజ్‌ని నిలువుగా తిప్పి పట్టుకో, ఇంకా బోలెడు నీళ్ళు కారతాయి. స్పాంజ్ మారలేదు, ఎత్తు మారింది అంతే. కుండీలో మట్టి కూడా ఇంతే. నీళ్ళు దిగాక అడుగున కొంత మందం తడితో నిండిపోయి ఉండిపోతుంది, ఆ మందం మట్టి రకాన్ని బట్టి ఉంటుంది, కుండీ లోతుని బట్టి కాదు. సన్నమట్టి అయితే ఎక్కువ, గింజలాంటి ఇటుక అయితే తక్కువ. గులకరాళ్ళు వేస్తే ఆ తడి పొర వాటి పైకి ఎక్కి కూర్చుంటుంది, అంటే వేళ్ళకి ఇంకా దగ్గరికొచ్చినట్టు. లోతు తక్కువ ట్రేలో మొక్క త్వరగా కుళ్ళేది కూడా ఇందుకే, మొత్తం మట్టే తడి పొర. అందుకే పిల్ల మొక్కకి లోతు కాస్త ఉన్న బుట్ట, గింజలాంటి ఇటుక మిశ్రమం, ఈ రెండూ చాలు.

మంచులోమేడి (న్యూజెర్సీ)
ఇక్కడ ఇంకో ప్రపంచం అండీ. మట్టి కుండీ చలికాలం బయట వదిలేస్తే గోడ పీల్చుకున్న నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది, కాబట్టి కర్నూలు అక్కయ్య గారి మూకుడు ఇక్కడ నవంబరు దాటదు. ఇక్కడి వాళ్ళు ఎక్కువగా వాడేది చెరువు మొక్కలకి అమ్మే చదరపు జాలీ బుట్టలు, ఇంకా అండర్సన్ ట్రేలని అడుగంతా జాలీ ఉండేవి. గుడ్డ సంచుల్లాంటి కుండీలు కూడా బాగా నడుస్తాయి, వేళ్ళు గుడ్డ దాకా వచ్చి ఆగి పిల్ల వేళ్ళు వేస్తాయి, బుట్ట చేసే పనే. కాకపోతే మొక్కని బయటకి తీసేటప్పుడు గుడ్డ పీచులో వేళ్ళు ఇరుక్కుని విసుగొస్తుంది. నాకు మేడి, రావి రెండూ ఉన్నాయి, అక్టోబరు నించి ఏప్రిల్ దాకా లోపల కిటికీ దగ్గరే, అప్పుడు బుట్ట కింద పెద్ద పళ్ళెం పెట్టకపోతే కార్పెట్ పోతుంది.

అక్కడ మన దగ్గర గ్రో బ్యాగులు చవక కదా, అవెందుకు ఎవరూ చెప్పట్లేదు?

గోదారిగట్టు (రాజమండ్రి)
గ్రో బ్యాగులు చవకే అండి, కానీ మన దగ్గర దొరికేవి ఎక్కువ ప్లాస్టిక్ సంచులు, గుడ్డవి కావు. వాటిలో వేరు చుట్టు తిరుగుడే, పైగా ఎత్తేటప్పుడు సంచి వంగితే వేరు ముద్ద విరిగిపోద్ది. కూరగాయలకైతే బేషుగ్గా ఉంటాయి.

నేను కడియం పక్కనే కాబట్టి ఒక మాట చెప్తాను, కడియం మొక్కలు వాడేవాళ్ళందరికీ పనికొస్తుంది. ఇక్కడ నర్సరీల్లో కవరు మొక్క వేరు ముద్ద గట్టి బంకమట్టితో ఉంటుంది. దూరం లారీల్లో పోవాలి కదా, మట్టి విడిపోకూడదు, నీళ్ళు లేకపోయినా రెండు రోజులు ఆగాలి, వాళ్ళ అవసరం అది. ఆ ముద్దని అలాగే తీసుకెళ్ళి ఇటుక ముక్కల బుట్టలో మధ్యన పెడితే నీళ్ళు చుట్టూ ఉన్న ఇటుకలోంచి జారిపోతాయి, మధ్యలో ముద్ద రాయిలా ఎండిపోద్ది. పైన తడిగానే కనిపిస్తుంది, లోపల మొక్క దాహంతో చస్తుంది. బుట్ట వేస్టు అని తిట్టేవాళ్ళలో సగం మంది కథ ఇదే అని నా నమ్మకం. ఫైకస్ అయితే ముద్దని బక్కెట్ నీళ్ళలో నానబెట్టి చేత్తో మెల్లగా మట్టి మొత్తం వదిలించేయొచ్చు, తట్టుకుంటుంది. తొలకరి పడ్డాక ఉక్కపోతగా ఉన్నప్పుడు చేస్తే ఇంకా తొందరగా కోలుకుంటుంది. బోగన్‌విల్లాకి మాత్రం అలా చెయ్యకండి, దాని వేళ్ళు ఇట్టే తెగుతాయి, ఈసారి సగం, వచ్చే ఏడాది సగం మార్చాలి.

ఇంకోటి. కాండం లావవ్వాలంటే నేలని మించింది లేదు. నేలలో రెండేళ్ళలో వచ్చే లావు కుండీలో అయిదేళ్ళకి కూడా రాదు. నేల లేనోళ్ళకి నడిమి మార్గం ఒకటుంది, చిల్లుల బుట్టలో మొక్క పెట్టి ఆ బుట్టని తీసుకెళ్ళి పెద్ద టబ్బు మట్టిలో రెండంగుళాలు దిగేలా కూర్చోబెట్టండి. వేళ్ళు అడుగు చిల్లుల్లోంచి కింద టబ్బులోకి పారిపోతాయి, ఆ పారిపోయిన వేళ్ళ బలంతో పైన కొమ్మ ఆపకుండా సాగుద్ది, కాండం ఊరుద్ది. కావాల్సిన లావు వచ్చాక బుట్ట ఎత్తి కింద వేళ్ళని కత్తిరించేయడమే, బుట్టలో ఉన్న సన్నవేళ్ళు అలాగే ఉంటాయి కాబట్టి మొక్కకి ఏమీ కాదు. ఫైకస్‌లకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కర్నూలు మేడమ్ గారన్న ఎండ సమస్య కూడా సగం తీరిపోద్ది, కింద టబ్బు చెమ్మగా ఉంటుంది కదా.

కాగితంపూలు (కర్నూలు)
ఇది బాగుందండీ గోదారిగట్టు గారూ. అయితే కింద టబ్బు బదులు నా పెద్ద మూకుడు పెట్టి, పైన బుట్ట పెడితే మా ఇద్దరి పంతమూ నెగ్గుతుంది 🙂 ఒకటి అడగాలి, పారిపోయిన వేరు చిల్లులో ఇరుక్కుని లావెక్కితే బుట్టని కోయాల్సిందేనా?

గోదారిగట్టు (రాజమండ్రి)
కోయాల్సిందే. ఎనభై రూపాయల బుట్ట, కత్తెరతో పక్కకి చీల్చేయడమే, మొక్కని మాత్రం గుంజొద్దు. అందుకే నేను మరీ గట్టి ప్లాస్టిక్ కొనను.

పాతసామాను (వరంగల్)
గట్టిది కొననంటే ఎట్లన్నా, మా కాడ సస్తది పల్సటి బుట్ట రెండెండకాలాలకే. చేత్తోని పట్టుకుంటె పెంకులెక్క ఇరుగుతది. నేను నేర్చుకున్నదేందంటె, బుట్ట తిరగేసి సూడుండ్రి, మూడు బాణాల గుర్తు నడుమ ప్లాస్టిక్ రకం నంబరుంటది. 2 ఉంటె మంచిగ ఆగుతది, 5 ఉంటె ఒకటి రెండేండ్లు, 6 ఉంటె కొననే కొనకుండ్రి, అది ఊర్కెనే పలుగుతది. నంబరే లేకుంటె గోరుతోని వంచి సూడు, వంగితే తీస్కో, టక్కుమంటె అక్కడ్నే పెట్టు. ఎండకు ఎండిన ప్లాస్టిక్ బుట్టను మట్టి నిండుగ ఉన్నప్పుడు అంచు పట్టి లేపొద్దు, కింద చేతులు పెట్టి లేపుండ్రి. తడిసిన పన్నెండంగుళాల బుట్ట అలకగ ఉండదు.

గట్టిగ ఉండాలంటె కూరగాయల క్రేట్లు. టమాట క్రేట్ల సైజు తెల్సుగద. కొత్తది పిరం, ఇరిగినై అగ్గువకు దొరుకుతయి. అండ్ల ఒకటి కాదు ఆరు మొక్కలు పెట్టొచ్చు, నడిమి దాక కోసి షేడ్ నెట్ ముక్క పరిస్తె అడివి లెక్క వేసుకోవచ్చు.

మిద్దెమీదమర్రి (విజయవాడ)
ఇన్ని రిప్లైలు చూసి మతిపోయింది, అందరికీ థాంక్సండీ. క్రేట్ మాట విని నున్న మామిడి మార్కెట్‌లో తెలిసినాయనకి ఫోన్ చేశా, సీజన్ అయ్యాక అంచు విరిగినవి ఉంటాయి రమ్మన్నాడు. ఒకటే భయం, నాది పాత బిల్డింగు, పైన బరువు ఎంతవరకు పెట్టొచ్చు? సిమెంటు కుండీలు చవకగా ఉన్నాయని తమ్ముడు తెస్తానంటున్నాడు.

ఇటుకపొడి (హైదరాబాద్)
సిమెంటువి వద్దనే చెప్తాను, పిల్ల మొక్కలకి అసలు వద్దు. ఖాళీగానే ఎత్తలేరు. కొత్త సిమెంటులోంచి సున్నం దిగుతూ ఉంటుంది, మట్టి క్షారం అవుతుంది, ఆకులు పసుపు రంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. తెచ్చేస్తే మాత్రం రెండు మూడు వారాలు నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, తర్వాత వాడండి. బరువు విషయంలో పది లీటర్ల తడి ఇటుక మిశ్రమం పన్నెండు పదిహేను కిలోలు అనుకోండి, దాన్నిబట్టి లెక్కేసుకోండి. శ్లాబు మధ్యలో గుంపుగా పెట్టొద్దు, కింద గోడలు, బీములు ఉన్న వరస వెంబడి పెట్టండి. మరీ పాత బిల్డింగు అయితే ఇంజినీరుకి ఒకసారి చూపించండి, ఫోరంలో అడిగి తేల్చుకునే విషయం కాదది.

చింత మొక్కల గురించి ఎవరూ చెప్పలేదు. చింతకి తల్లివేరు నిటారుగా కిందకి దూసుకుపోతుంది. లోతు కుండీలో వదిలేస్తే అడుక్కి వెళ్ళి అక్కడ చుట్టలు చుడుతుంది, పక్క వేళ్ళు పుట్టవు. బుట్టలోకి మార్చేటప్పుడు ఆ తల్లివేరుని మూడొంతుల్లో రెండొంతులు కత్తిరించేసి, కింద ఒక పాత టైల్ ముక్క, అరచేయంతది, పెట్టి దాని మీద మొక్కని కూర్చోబెట్టి పక్క వేళ్ళని చుట్టూ విప్పి పరవండి. కిందకి పోవడానికి దారి లేక వేళ్ళు పక్కలకే పోతాయి, ముందు ముందు కాండం మొదలు నేలని పట్టుకున్నట్టు వెడల్పుగా వస్తుంది. పాత సీడీ పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, మధ్య చిల్లులోంచి వేరు దింపి. నాకైతే టైలే నచ్చుతుంది, అది చెడిపోదు. చింతకి ఈ పని ఫిబ్రవరి చివర, కొత్త చిగురు వచ్చే ముందు చేయండి. మొక్క మరీ చిన్నదైతే ఇంకా సులువు.

కొత్తచిగురు (గుంటూరు)
బుట్టలో ఎరువు కూడా నీళ్ళతో పాటే పోతుందిగా మాస్టారూ?

ఇటుకపొడి (హైదరాబాద్)
పోతుంది. అందుకే కొంచెం కొంచెంగా తరచూ ఇవ్వాలి. లీటరుకి ఒక గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) వారానికోసారి, మధ్యలో వేపపిండి, పశువుల ఎరువు కలిపి, టీ వడగట్టే గుడ్డలో మూటకట్టి పైన పెడితే నీళ్ళు పోసినప్పుడల్లా కాస్త దిగుతుంది. మొక్క పెట్టిన మొదటి నెల ఏ ఎరువూ వద్దు.

కాగితంపూలు (కర్నూలు)
ఎండాకాలం పైన కొబ్బరిపీచు ఒక అంగుళం పరవండి, బుట్టకైనా మూకుడికైనా. మా ఇంట్లో రోజూ కొబ్బరికాయ కొడతారు కాబట్టి దానికీ ఖర్చు లేదు. వానలు మొదలవగానే తీసేయాలి, లేకపోతే కింద పురుగు చేరుతుంది. కింద పళ్ళాలు పెట్టేవాళ్ళు మాత్రం నీళ్ళు నిలవనివ్వకండి, దోమలు, డెంగీ, మళ్ళీ మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి పారబోస్తారు.

మంచులోమేడి (న్యూజెర్సీ)
జేడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు, మిద్దెమీదమర్రి గారి దగ్గర రెండు కొమ్మలున్నాయి కదా. దానికి చిల్లుల బుట్ట అవసరమా?

మిద్దెమీదమర్రి (విజయవాడ)
అవునండీ అదే అడుగుదామనుకుంటున్నా. నిన్న వన్‌టౌన్‌లో తెల్ల బుట్టలు నాలుగు తెచ్చా, 2 నంబరు ఉన్నవే, షాపతను నేను బుట్టలన్నీ బోర్లించి చూస్తుంటే నన్నో రకంగా చూశాడు. ఫైకస్‌కి ఒకటి, రావికి ఒకటి, మిగతా రెండూ జేడ్‌కి పెట్టేయనా?

గోదారిగట్టు (రాజమండ్రి)
జేడ్‌కి పెట్టొద్దండి ఇప్పుడే. వేళ్ళు లేని కొమ్మకి అంత పెద్ద బుట్ట దేనికి, మీరు నీళ్ళు పోస్తూ ఉంటే తాగే వేరు లేక మొదలు కుళ్ళుద్ది. పెరుగు డబ్బా అరకిలోది, అడుగున అయిదారు చిల్లులు, అంతా ఇటుక ముక్కలే, ఎరువు లేదు. కొమ్మ కోసిన చోట నాలుగైదు రోజులు నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాత గుచ్చి, మరో వారం దాకా నీళ్ళు పోయకండి. కొత్త ఆకులు వేసి, లాగితే కదలకుండా పట్టుకున్నాక అప్పుడు బుట్ట సంగతి చూద్దాం. ఆ రెండు బుట్టల్లో చింతలు పెట్టండి, మాస్టారు చెప్పిన టైల్ ముక్కతో.

పాతసామాను (వరంగల్)
టైల్ ముక్కలు కొనకు అన్నా, ఏ మార్బుల్ షాపు ముంగటైనా కుప్పలు ఉంటయి.